గుప్పిట్లో అక్షతలు

సోమయాజులు గారిని ఎవరేమడిగినా ముందు "చూద్దాం" అనేవారు. మంత్రంలో సందేహమైనా, పులుసులో ఉప్పు సంగతైనా అదే మాట. మిగతా గురువులు అడిగిన వెంటనే నాలుగు శ్లోకాలు చదివి శిష్యుడి నోరు మూయిస్తారు. ఈయనకి ఆ అలవాటు లేదు. "చూద్దాం" అని ఊరుకుంటారు. తరవాత ఎప్పుడో, ఎక్కడో, ఏదో జరిగినప్పుడు వెనక్కి తిరిగి "అడిగావు గదటోయ్!" అంటారు. అప్పటికి అడిగినవాడికి తానేమడిగాడో గుర్తుండాలి. నాకు చచ్చినా గుర్తుండేది కాదు. నా తోటి శిష్యుడు భానుమూర్తికి మాత్రం అన్నీ గుర్తే. అడిగిందీ గుర్తే, జవాబు ఇంకా రాలేదన్నదీ గుర్తే. మనిషి మంచివాడే గానీ, ముప్పయ్యేళ్ళు నిండకుండానే శాస్త్రమంతా తన నెత్తిమీదే నిలబడి ఉందన్నట్టు మెడ బిగించుకుని నడిచేవాడు.

ఆ ఏడు వినాయక చవితినాడు మేం ముగ్గురం ఆదినారాయణ గారింటికి పూజ చేయించడానికి బయలుదేరాం. గురువుగారు ముందు, భానుమూర్తి ఆయన పక్కన, సంచీ మోస్తూ నేను వెనక. దారి పొడుగునా ఏ ఇంట్లో చూసినా ఉండ్రాళ్ళ ఆవిరి, పచ్చిపత్రి వాసన. పొద్దుట్నుంచీ ఉపవాసం మీదున్న నాకు కాళ్ళు తేలిపోతున్నాయి. అప్పుడే భానుమూర్తికి ప్రశ్న పుట్టింది.

"గురువుగారూ, నిన్న మట్టి తెచ్చి చేశారు, ఇవాళ ప్రాణప్రతిష్ఠ చేస్తాం, తొమ్మిదోనాడు తీసుకెళ్ళి కాలవలో కలిపేస్తారు. కరిగించేదానికి అంత కష్టపడి చెయ్యడం దేనికండీ? ఇంటికో వెండి వినాయకుణ్ణి కొనుక్కుంటే తరతరాలూ ఉంటాడు గదా!"

"చూద్దాం" అన్నారు గురువుగారు.

ఆదినారాయణ గారి గుమ్మంలో అడుగు పెడుతుండగానే లోపలినుంచి ఆయన మరదలు రాజ్యలక్ష్మి గారు విసురుగా బయటికొచ్చారు. మోచేతుల దాకా బియ్యప్పిండి, కళ్ళనిండా నీళ్ళు. మమ్మల్ని చూసి ఆగి, పిండిచేతులతోనే దణ్ణం పెట్టారు.

"పూజ బాగా చేయించండి గురువుగారూ. నేను వెళ్తున్నాను. ఈ ఇంట్లో నేను దొంగనట!"

అనేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధి చివరన ఉన్న తన ఇంటివైపు వెళ్ళిపోయారు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. పండగపూట ఆ వీధిలో నాలుగైదిళ్ళ నైవేద్యాలు ఆవిడ చేతిమీదుగానే జరిగేవి. వంటింటి తాళాలు ఆవిడ కొంగుకి కట్టి, ఇంటివాళ్ళు నిశ్చింతగా గుడికి వెళ్ళొచ్చేవారు. అలాంటి మనిషి మీద దొంగ అన్న మాట పడితే, రేపటినుంచి ఏ గడప ఎక్కగలదు?

లోపల ఆవిడ తోడికోడలు సుందరాయమ్మ గారు పీటల దగ్గర కూర్చుని ముక్కు చీదుకుంటున్నారు. ఆదినారాయణ గారు పట్టుపంచె కట్టుకుని, ఎటు చూస్తే ఏం ముంచుకొస్తుందోనని పైన వేలాడుతున్న పాలవెల్లినే చూస్తూ నిలబడ్డారు.

"నేను దాన్ని దొంగన్నానా గురువుగారూ? ఆ మాట నా నోట వచ్చిందేమో వీర్నడగండి" అని మొదలుపెట్టారు సుందరాయమ్మ గారు. "మా అత్తగారిచ్చిన ఉంగరం. ఏటా స్వామిని చేసేముందు తీసి కుంకుమభరిణెలో పెడతాను. నిన్నా పెట్టాను. ఇవాళ పొద్దున చూస్తే లేదు. నిన్న ఇంట్లో ఉన్నది నేనూ, వీరూ, రాజ్యం. వీరి వేళ్ళకి అది పట్టదు. ఈ మాటే అన్నాను. అంతకి మించి ఒక్క ముక్క అంటే ఒట్టు!"

"అంతకి మించి అనడానికి ఇంకేం మిగిలిందమ్మా?" అన్నారు గురువుగారు, కాళ్ళు కడుక్కుంటూ.

ఆ ఉంగరం కథ వీధి వీధంతటికీ తెలుసు. పోయేముందు అత్తగారు పెద్దకోడలి వేలికి తొడిగారు. చిన్నకోడలు ఆ రోజు ఒక్క మాట అనలేదు, తరవాతా అనలేదు. అనకపోవడం వల్లనే సుందరాయమ్మ గారికి మనసులో ఏదో మూల ముల్లు. నాలుగు మాటలు పడేసి ఉంటే ఆ రోజుతో తీరిపోయేది.

పూజ మొదలైంది. సుందరాయమ్మ గారు బొమ్మ చెయ్యడంలో అందె వేసిన చెయ్యి. చేటంత చెవులు, బుజ్జి కళ్ళు, బాన కడుపు, ఎడమకి తిరిగిన తొండం, స్వామి చూడముచ్చటగా ఉన్నాడు. మట్టి ఇంకా పూర్తిగా ఆరలేదు. గురువుగారు కళ్ళజోడు సర్దుకుని స్వామి దగ్గరికి వంగి చూశారు.

"పీఠం చుట్టూ పువ్వులు భలే అద్దావమ్మా!"

"నేనేం పువ్వులు అద్దలేదండీ" అన్నారావిడ, ఇంకా ఏడుపు గొంతుతోనే.

"చూద్దాం" అన్నారు గురువుగారు, ఆచమనం చేయిస్తూ.

భానుమూర్తి మంత్రం ఎత్తుకున్నాడు. ప్రాణప్రతిష్ఠ అయింది, పత్రిపూజ అయింది, ఉండ్రాళ్ళు, కుడుములు, పానకం నైవేద్యమయ్యాయి. నా కడుపులో స్వామివారి ఎలకలు పరుగులు మొదలుపెట్టాయి. ఇక కథ ఒక్కటే తరువాయి. అందరం తలా కాసిని అక్షతలు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాం. అక్షతలు పట్టుకున్నాక కథ పూర్తయ్యేదాకా కింద పెట్టకూడదు, పూర్తయ్యాక నెత్తిన వేసుకోవాలి. అది ఆనవాయితీ. అలా చేస్తే ఆ రాత్రి పొరపాటున చంద్రుణ్ణి చూసినా నీలాపనిందలు అంటవని నమ్మకం.

గురువుగారు కథ చెబితే వినాలి. పార్వతీదేవి నలుగుపిండి బొమ్మ దగ్గర్నుంచి చంద్రుడి నవ్వు దాకా ఒక్క ఊపున చెప్పుకొచ్చారు. తరవాత ద్వారక, సత్రాజిత్తు, శమంతకమణి. మణి వేసుకుని వేటకెళ్ళిన తమ్ముడు తిరిగి రాలేదు. 'కృష్ణుడే కాజేసి ఉంటాడు, అంతకుముందు అడిగాడు గదా' అన్నాడు సత్రాజిత్తు. ఊరంతా గుసగుసలు. అక్కడికి వచ్చి గురువుగారు టక్కున ఆగిపోయారు.

"ఆపేశారేమండీ?" అన్నాడు భానుమూర్తి.

"నింద పడ్డ మనిషి వీధి చివర కూర్చుని ఏడుస్తుంటే, ఇక్కడ కృష్ణుడి నింద పోగొట్టడానికి నాకు నోరు రావడంలేదోయ్. ఆవిడా అక్షతలు పట్టుకున్నాక మిగతాది చెబుతాను."

సుందరాయమ్మ గారు భర్త వంక చూశారు. ఆయన పాలవెల్లి వంక చూశారు.

"పిలిపిస్తానండీ, ఎవర్నయినా పంపించి..."

"ఎవరో పిలిస్తే ఎందుకొస్తుందమ్మా?"

"ముందు ఉంగరం దొరకనివ్వండి. దొరికాక నేనే వెళ్ళి కాళ్ళమీద పడతాను."

"దొరికాక ఎవరైనా పిలుస్తారు తల్లీ" అని గురువుగారు కళ్ళు మూసుకున్నారు. ఇక ఆ కళ్ళు తెరుచుకోవని మాకు తెలుసు. గుప్పిట్లో అక్షతలు చెమర్చి చేతికి అంటుకుంటున్నాయి. ఎదురుగా ఉండ్రాళ్ళు చల్లారిపోతున్నాయి. కాసేపటికి సుందరాయమ్మ గారు ఉస్సురంటూ లేచి వీధిలోకి నడిచారు. తోడు వెళ్ళమని గురువుగారు కళ్ళు తెరవకుండానే నాకు సైగ చేశారు.

ఆ నడక మీరు చూడవలసింది. పట్టుచీర, ముక్కుపుడక, ఎర్రబడ్డ కళ్ళు, ముందుకి చాపిన కుడి పిడికిలి. ఆవిడ వెనకాల అలాంటి పిడికిలితోనే నేను. అరుగుల మీదివాళ్ళు 'ఏం జరిగింది వదినా?' అంటే ఆవిడ జవాబు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇద్దరం కలిసి ఎవర్నో తన్నడానికి వెళ్తున్నామనుకున్నారో ఏమో, ఒక్కొక్కరే చేతిపని వదిలేసి మా వెనక బయలుదేరారు.

రాజ్యలక్ష్మి గారు పెరటి గట్టుమీద కూర్చుని చేతులమీద ఎండిపోయిన పిండి అప్పటికి కడుక్కుంటున్నారు. తలెత్తి చూసి, ముందు పిడికిలే చూశారు.

"ఏమిటక్కయ్యా, కొట్టడానికొచ్చావా? ఆ ముచ్చటా తీర్చుకో!"

"కొట్టడమేమిటే! అక్షతలు. కథ సగంలో ఉంది, కింద పెట్టకూడదు" అన్నారు సుందరాయమ్మ గారు. పిడికిలి కాస్త దించి, "నువ్వొస్తే గానీ తక్కింది చెప్పరట" అన్నారు.

"అందుకోసం వచ్చావన్నమాట."

"బయలుదేరింది అందుకే."

రాజ్యలక్ష్మి గారు గిన్నెలో నీళ్ళు పారబోసి, మళ్ళీ ముంచుకుని, అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులు ఇంకోసారి కడుక్కున్నారు.

"నువ్వు తియ్యలేదని నాకు తెలుసే రాజ్యం" అన్నారు సుందరాయమ్మ గారు. "తెలిసే అన్నాను. ఆ ఉంగరం నాకిచ్చిన రోజునుంచీ ఎప్పుడు ఓ మాట అంటావా అని చూస్తున్నాను. నువ్వు అనవు. ఎదురొచ్చినప్పుడల్లా నవ్వుతూ 'అక్కయ్యా' అంటావు. అది నాకు భరించడం కష్టమైపోయింది. ఇవాళ సందు దొరికింది, నోరు జారాను. ఉంగరం దొరికినా దొరక్కపోయినా సరే, నువ్వు రా. నువ్వు లేకుండా ఆ ఉండ్రాళ్ళు నా గొంతు దిగవు."

రాజ్యలక్ష్మి గారు చెంగుతో మొహం తుడుచుకున్నారు. లేచొచ్చి తోడికోడలి పిడికిలి రెండు చేతులతో పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, అందులో సగం అక్షతలు తీసుకుని తన గుప్పిట్లో పెట్టుకున్నారు.

"ఉండ్రాళ్ళు సరిగ్గా ఉడికాయో లేదో! నేను మధ్యలో వచ్చేశాను. పద" అన్నారు.

మేం తిరిగి వచ్చేసరికి వీధి వీధంతా మా వెనకాలే ఉంది. వాకిలి నిండిపోయింది. గురువుగారు కళ్ళు తెరిచి, వదిలిన చోటినుంచి అందుకుని, కృష్ణుణ్ణి గుహలోకి పంపి, జాంబవంతుడితో పోరు చేయించి, మణి తెప్పించి సత్రాజిత్తు చేతిలో పెట్టించారు. అందరం అక్షతలు నెత్తిన వేసుకున్నాం. నేను ఆశగా విస్తళ్ళ వైపు చూశాను. గురువుగారు పీటమీంచి కదల్లేదు.

"అమ్మా, ఆ ఉంగరం మీద ఏం చెక్కి ఉంటుంది?"

"తామరపువ్వండీ."

గురువుగారు పీఠం చుట్టూ ఉన్న పువ్వుల వైపు వేలు చూపించారు. సుందరాయమ్మ గారు మోకాళ్ళమీద వంగి చూసి "అయ్యో రామా!" అని గుండెలమీద చెయ్యి వేసుకున్నారు. వదులు ఉంగరం అరచేతివైపు తిరిగిందేమో, మట్టిని తట్టిన చోటల్లా చిన్న చిన్న తామరపువ్వులు. అంటే ఉంగరం భరిణెలో పెట్టలేదు. ఏటా పెడతారు కాబట్టి ఈ ఏడూ పెట్టాననే అనుకున్నారు. పీఠానికి పువ్వులున్నాయి, పాదాలకి ఉన్నాయి. ఆ పైన కడుపు నున్నగా ఉంది.

"కడుపు చేస్తుండగా జారిపోయిందన్నమాట!" అన్నారు ఆదినారాయణ గారు. ఆ రోజు ఆయన నోరు విప్పడం అదే మొదలు.

'కరిగించి చూడండి' అని వాకిట్లో కలకలం. అంతలోనే భానుమూర్తి అడ్డం పడ్డాడు.

"ప్రాణప్రతిష్ఠ అయిన మూర్తి గురువుగారూ! గాటు పెట్టడానికి వీల్లేదు. వీరి వంశాచారం తొమ్మిది రోజులు. తొమ్మిదోనాడు కాలవలో ఎలాగూ బయటపడుతుంది. ఒకవేళ ఇప్పుడు కరిగిస్తే, అందులో లేకపోతే?"

"లేకపోతే ఇంకోచోట వెతుకుతాం."

సుందరాయమ్మ గారు హడలిపోయారు. "మా అత్తగారి కాలంనుంచీ తొమ్మిది రోజులేనండీ. మధ్యలో తీసేస్తే ఇంటికేమవుతుందో!"

"నాకోసమైతే వద్దులెండి" అన్నారు రాజ్యలక్ష్మి గారు. "అక్కయ్య వచ్చి పిలిచింది. నాకదే చాలు."

"నీకు చాలు తల్లీ. ఇదుగో, వీళ్ళందరికీ చాలొద్దూ?" అని గురువుగారు వాకిలి వైపు చూశారు. వాకిట్లో ఇద్దరు ముగ్గురు తల దించుకున్నారు. "తొమ్మిది రోజులంటే ఆ మాట పక్క ఊరు వెళ్ళి, బంధువుల ఇళ్ళకీ వెళ్ళి, మళ్ళీ ఇక్కడికే వస్తుంది. ఏమోయ్ భానుమూర్తీ, పూజ చేసిన సాయంత్రమే స్వామిని నీళ్ళలో కలిపేవాళ్ళు లేరుటోయ్?"

"ఉన్నారనుకోండి. కానీ..."

"ఆయన కరగడానికే వచ్చాడు. ఈవిడ పేరు కరగడానికి రాలేదు."

భానుమూర్తి పక్కకి తప్పుకుని దారిచ్చాడు. నేను చూస్తుండగా అలా జరగడం అదే మొదలు. ఆదినారాయణ గారు "గంగాళం తెస్తాను" అని పంచె ఎగ్గట్టి పరుగెత్తారు.

గురువుగారు పద్ధతి ఏదీ వదల్లేదు. హారతి ఇప్పించి, తప్పులు క్షమించమని వేడుకుని, 'యథాస్థానం ప్రవేశయామి' అని ఉద్వాసన చెప్పి స్వామిని పీటమీద ఈశాన్యానికి కాస్త జరిపారు. నీళ్ళు నిండిన గంగాళం వాకిట్లో ముగ్గు మధ్య పెట్టించారు. ఇద్దరు తోడికోడళ్ళూ చెరోవైపు పట్టుకుని స్వామిని దింపారు. ముందు చెవులు కరిగాయి, తరవాత తొండం. వాకిట్లో జనం మునివేళ్ళమీద లేచి చూస్తున్నారు. సుందరాయమ్మ గారు కన్నీళ్ళు కారుస్తూ కడుపు మీద నీళ్ళు పోస్తున్నారు. మట్టి పొరలు పొరలుగా విడిపోతోంది. ఉంగరం కనిపించదు. భానుమూర్తి నా వైపు చూశాడు. నేను గురువుగారి వైపు చూశాను. ఆయన ప్రశాంతంగా గంధపు చేతులు తుడుచుకుంటున్నారు.

"అక్కయ్యా!" అని కేక పెట్టారు రాజ్యలక్ష్మి గారు. బురదనీళ్ళలోంచి పైకొచ్చిన ఆవిడ వేలి చివర తామరపువ్వు ఉంగరం వేలాడుతోంది.

ఇక చూడండి, ఆ గోల! "నేనప్పుడే అనుకున్నాను, రాజ్యం అలాంటిది కాదని" అని ప్రతివాళ్ళూ అన్నారు. ఎవరికి వారు అప్పుడే అనుకుని ఉంటే ఇంతదాకా ఎందుకొచ్చిందో నాకు తెలియదు. సుందరాయమ్మ గారు తోడికోడల్ని గట్టిగా కావలించుకుని ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చారు. ఇద్దరి పట్టుచీరలూ బురదే.

గంగాళం నీళ్ళు మందారం చెట్టు మొదట్లో పోశాక, సుందరాయమ్మ గారు లోపలికి చూసి డీలా పడిపోయారు. పాలవెల్లి కింద పీట ఖాళీగా ఉంది.

"పండగపూట ఇల్లు బోసిపోయిందే రాజ్యం."

"మట్టి మిగల్లేదూ?"

"పెరట్లో తడిగోనె కింద ఉంది."

"మరి కూర్చున్నావేం? లే!"

ఇద్దరూ పెరట్లో చతికిలబడ్డారు. మట్టిలో చెయ్యి పెట్టబోతూ సుందరాయమ్మ గారు ఆగి, వేలికి తిరిగి పెట్టుకున్న ఉంగరం తీశారు. కుంకుమభరిణె కోసం లోపలికి వెళ్ళబోయి వెళ్ళలేదు. తోడికోడలి చీరకొంగు లాగి, చివర ఉంగరం పెట్టి ముడేశారు.

"నీ దగ్గరుంచు. పనయ్యాక ఇద్దువుగాని."

"ఇవ్వడం మర్చిపోతే?"

"మర్చిపోవే" అన్నారు సుందరాయమ్మ గారు, మట్టి పిసుకుతూ.

రాజ్యలక్ష్మి గారు ఆ ముడి వైపు ఒక్క క్షణం చూసి, కొంగు నడుంలో దోపుకుని, తనూ ఒక ముద్ద అందుకున్నారు. కాసేపటికి ఇద్దరికీ తొండం దగ్గర పేచీ వచ్చింది. "అంత పొడుగేమిటి, పాములా!" అని ఒకరు. "నీ చెవులు మాత్రం అప్పడాల్లా లేవూ!" అని ఇంకొకరు. అందరూ చుట్టూ చేరి తలా ఓ సలహా పారేస్తున్నారు. ఆదినారాయణ గారు నీళ్ళచెంబు పట్టుకుని, ఎవరికి కావాలంటే వాళ్ళకి పోస్తున్నారు. మొదటి స్వామి అందం ఈ స్వామికి రాలేదు. ఒక చెవి పెద్దది, కడుపు ఓ పక్కకి ఒరిగింది, మొహం మాత్రం నవ్వుతూ ఉంది.

మళ్ళీ ప్రాణప్రతిష్ఠ చెయ్యాలంటే నైవేద్యం మళ్ళీ వండాలి, కథ మళ్ళీ చెప్పాలి, భోజనాలు ఇంకా ఆలస్యమవుతాయి. ఆ సంగతి తలుచుకుని నేను గోడకి చేరగిలబడ్డాను. భానుమూర్తి మాత్రం గురువుగారి దగ్గరికి వెళ్ళి, వినయంగానే అయినా పట్టు వదలకుండా, "ఇదీ తొమ్మిదోనాడు కరిగించేదే కదండీ" అన్నాడు.

గురువుగారు పెరట్లోకి చూశారు. అక్కడ సుందరాయమ్మ గారు ఏదో అన్నారు, రాజ్యలక్ష్మి గారు మట్టిచేత్తో ఆవిడ బుగ్గమీద ఒకటి అంటించారు, పెరడంతా గొల్లుమంది.

"అడిగావు గదటోయ్!" అన్నారు గురువుగారు. "వెళ్ళి, ఆ ఇద్దరికీ వెండిది కొనుక్కోమని చెప్పిరా."